గేటుకి తాళం లేని బంగళా

మా రోజుల్లో పాస్టరుగారింటికి వెళ్ళాలంటే ముందుగా ఎవరికీ కబురు పెట్టే పని లేదు. చెప్పులు మెట్ల కింద విడిచి వరండా ఎక్కడమే. ఎక్కాక బల్ల మీద కూర్చుంటావో, స్తంభానికి ఆనుకుని చతికిలబడతావో నీ ఇష్టం. అయ్యగారు ఇంట్లో ఉంటే బయటికొస్తారు, ఊళ్ళోకి వెళ్తే తిరిగొస్తారు, పొరుగూరు వెళ్ళుంటే అమ్మగారు గ్లాసెడు మజ్జిగ చేతికిచ్చి సంగతేమిటో కనుక్కుంటారు. ఇప్పుడో? పాత బంగళా పక్కనే కొత్త పార్సనేజీ లేచింది. ఇనప గేటు, గేటుకి తాళం, తాళం పక్కన కాలింగ్ బెల్లు, బెల్లు పైన కెమెరా. నొక్కితే గోడలోంచి "ఎవరండీ?" అని గొంతు. నేను ఫలానా అని గోడకి విన్నవించుకోవాలి. అయ్యగారు కుర్రాడు, బుద్ధిమంతుడే, మర్యాదస్తుడే. "ఒక ఫోన్ చేసి రావాల్సింది తాతగారూ" అంటాడు. ఒరే అబ్బాయ్, మనిషికి కష్టం ఫోన్ చేసి వస్తుందట్రా?

ఈ గొణుగుడు ఆ కుర్ర అయ్యగారి మీద కాదు. ఆయన్ని ఆ పెట్టెలో పెట్టినవాళ్ళ మీద. ఇంకా గట్టిగా చెప్పాలంటే మీ మీద. మీకు పాత బంగళా అంటే షామియానా కర్రలూ, విరిగిన కుర్చీలూ, పాడైన మైకుసెట్టూ పడేసుకునే గోదాము. క్రిస్మస్‌కి దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, సెలవుల్లో దాని గోడకి మూడు గీతలు గీసి వికెట్లంటారు. లోపలికెళ్ళి తలెత్తి కప్పు చూసినవాడు మీలో ఒక్కడు లేడు. కూర్చోండి, చెబుతాను. తొందరగా తెమిలే సంగతి కాదు. తొందరగా కట్టిన ఇల్లూ కాదది.

మన కృష్ణా జిల్లాలో ఈ కథ బందరులో మొదలైంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అని ఇద్దరు మిషనరీలు అక్కడ దిగారు. నోబుల్ గారు బడి పెట్టుకుని పట్నంలో ఉండిపోయారు, ఫాక్స్ గారు ఊళ్ళమ్మట తిరిగారు. పల్లెల్లో అసలు కదలిక మాత్రం 1859లో వచ్చింది. రాఘవాపురం మాలపల్లె మనిషి పగోలు వెంకయ్య, బెజవాడలో ఉండే డార్లింగ్ దొరగారి దగ్గరికి తానే వెళ్ళి సంగతి విని, ఆ ఏడు కుటుంబంతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కణ్ణుంచి పల్లెపల్లెకీ పాకింది. ఇక పట్నంలో కూర్చుంటే కుదరదని దొరలు పల్లెల మధ్యకి మకాం మార్చుకున్నారు. ముందు డేరా, తరవాత తాటాకు పాక, ఆ తరవాత బంగళా. మా ఊరి బంగళాకీ అదే వరస. కట్టిన సంవత్సరం గుమ్మం పైన సున్నంలో పోసి ఉండేది. మొన్నీమధ్య వేసిన ఎమల్షన్ పెయింటు కింద అదీ పోయింది. పెయింటు వేసినవాడికి అవి అంకెలని తోచలేదు కాబోలు, కత్తి పెట్టి గీకి చదును చేశాడు.

ఇంత సరుకు ఇంత మారుమూలకి ఎలా వచ్చిందని మీరెవరూ అడగరు గానీ నేను చెబుతాను. కాలవమీద వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కీ, బెజవాడ ఆనకట్ట 1855కీ పూర్తయ్యాయి. కాలవలంటే వరిచేలకి నీళ్ళని మాత్రమే మీకు తెలుసు. మా తాతలకి అవే రోడ్లు. రంగూన్ టేకు ఓడలో రేవుకొచ్చి, రేవులోంచి పడవకెక్కి, లాకులు దాటుకుంటూ, గట్టుమీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే మా ఊరి రేవులో దిగింది. నా చిన్నప్పుడు కూడా పొగాకూ, ధాన్యమూ పడవల మీదే పోయేవి. పడవ వస్తోందంటే రేవుకి పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడా కాలవలో ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క. సరే, దాని సంగతి ఎత్తితే ఇవాళ్టికి బంగళా దగ్గరికి చేరుకోలేం.

ఆ ఇంటి ప్లాను దొరలు ఇంగ్లండు నుంచి పట్టుకొచ్చారనుకుంటారు మీరు. కాదు. అక్కడి పాదిరి ఇల్లు చలికి ముడుచుకుని ఉంటుంది, చిన్న గదులు, గదికో పొయ్యి. ఇక్కడ అలా కడితే మే నెలలో లోపలున్నవాడు ఉడికిపోతాడు. బెంగాల్లో పల్లె జనం కట్టుకునే గుడిసెని చూసి కుంపిణీవాళ్ళు నేర్చుకున్న ఇల్లది. నడిమధ్య హాలు, రెండు పక్కలా గదులు, చుట్టూతా వరండా. ఎండ గోడని తాకకూడదు, వాన కిటికీలోకి కొట్టకూడదు, గాలి మాత్రం ఒక పక్కనుంచి దూరి రెండో పక్కకి పోవాలి. ఈ మూడు మాటల చుట్టూ ఇల్లంతా కట్టారు.

నేలకి మూడడుగుల ఎత్తున అరుగు. చెదపురుగుకీ, వరదనీటికీ అందకుండా. గోడ మందం రెండడుగులు. మేం పిల్లలం ఆ కిటికీ గూట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని పలకల మీద రాసుకునేవాళ్ళం, అంత మందం. హాలు ఎత్తు 16 అడుగులు. వేడిగాలి పైకి పోతుంది కదా, పోయినదానికి దారి ఉండాలని గోడ పై అంచున చిన్న కిటికీలు, వాటికి కింద దాకా వేలాడే తాళ్ళు. తాడు లాగితే తెరుచుకుంటాయి. పెద్ద కిటికీల తలుపులకి అడ్డబద్దలు, వాటి నడుమ నిలువుగా ఒక సన్నకర్ర. కర్రని కిందికి లాగితే బద్దలన్నీ ఒక్కసారే విచ్చుకునేవి. వెలుతురు కావాలంటే ఇంత, గాలి కావాలంటే ఇంత, వీధిలో ఎవరు పోతున్నారో లోపలివాళ్ళు చూడొచ్చు, లోపల ఎవరున్నారో వీధివాళ్ళకి కనపడదు. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి వరండాకి వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఆ తడివాసన వస్తే చాలు, బడి వదిలేశారని మాకు తెలిసేది. మీ ఏసీ గదికి ఏం వాసనుంటుంది చెప్పండి?

వంటిల్లు ఇంటికి దూరంగా, మధ్యలో నడవా. పొగా, నిప్పూ ఇంట్లోకి రాకూడదని. తూర్పు పక్క ఆఫీసు గది. దానికి వరండాలోంచి వేరే గుమ్మం. ఆ గదిలో ఇనప పెట్టె, పెట్టెలో బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. మా పల్లెలో పుట్టినవాడు ఏ నాడు పుట్టాడో లోకం మొత్తంలో ఆ ఒక్క పుస్తకానికే తెలుసు. ఉద్యోగానికి వయసు రుజువు కావాలన్నా, పొలం తగాదాలో ఎవడు ఎవడి కొడుకో తేలాలన్నా ఆ గుమ్మంలోనే నిలబడాలి. నేను స్కూలు ఫైనలుకి కట్టేటప్పుడు అయ్యగారు ఆ పుస్తకం తెరిచి, వేలు పెట్టి వెతికి, నా పేరు దగ్గర ఆగి, "నువ్వు వానలో పుట్టావురా, మీ నాన్న తడిసి ముద్దయి వచ్చాడని మా ముందరి అయ్యగారు అంచున రాసుకున్నారు" అన్నారు. మీ ఆధార్ కార్డులో రాసి ఉందా, ఆ రోజు వానొచ్చిందో లేదో?

ఇప్పుడు తలెత్తి కప్పు చూడండి. మద్రాసు మిద్దె అంటారు దాన్ని. పెద్ద దూలాల మీద అడ్డంగా టేకు వాసాలు, వాసానికీ వాసానికీ అడుగున్నర ఎడం. వాటిమీద అంగుళం మందం చిన్నచిన్న ఇటుకల్ని నిలబెట్టి, మూల నుంచి మూలకి ఏటవాలు వరసల్లో సున్నంతో అంటించారు. కింద చెక్క పరిచి ఆనింపు కూడా పెట్టరు. ఒక వరస సున్నం పట్టుకున్నాక దానికి ఆనించి మరో వరస. ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి నాలుగంగుళాల మందం పోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో కొట్టడం. ఎన్నాళ్ళు? దిమ్మిస దెబ్బకి గుంట పడటం మానేదాకా. కొడుతూ కొడుతూ బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్ళు చల్లుతుండాలి. ఇనప ఊచ ఒక్కటి లేదు, సిమెంటు చిటికెడు లేదు. ఒకసారి మిద్దె విప్పి మళ్ళీ వేసినప్పుడు మా నాయనమ్మ ఆ దిమ్మిస పట్టింది. ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు దెబ్బతో అందుకునేవాళ్ళట. ముసలితనంలో కూడా వాన పడితే చాలు, గుడిసెలో కూర్చుని బంగళా వంక చూసి, "నేను కొట్టిన చోట కారదు" అనేది. కారలేదు కూడా.

సున్నం సంగతి మీకసలు తెలీదు. బస్తా చింపి నీళ్ళు పోసి పొద్దున కలిపి మధ్యాహ్నానికి పూసేయడం కాదు. గుల్లలు కాల్చాలి, నీళ్ళు పోసి విరగనివ్వాలి, జల్లెడ పట్టాలి, ఇసక కలిపి గానుగలో వెయ్యాలి. గుండ్రటి కాలవలాంటి గోతిలో రాతి చక్రం, దానికి కాడి, కాడికి ఎద్దు. ఎద్దు తిరుగుతూనే ఉంటుంది. వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలనంత వరకూ తిప్పుతూనే ఉండాలి. గోడకి ఆఖరి పూత గుడ్ల తెల్లసొన కలిపిన సున్నం, ఆరేలోగా నున్నటి గులకరాయితో మెరుగు పెట్టాలి. చిన్నప్పుడు ఆ హాలు గోడలో మా ముఖం మాకు మసకమసకగా కనిపించేది. మరో సంగతి, ఆ గుడ్లు పల్లెలో ఇంటికిన్ని అని ఇచ్చినవే. అంటే ఆ గోడలో మా పల్లె కోళ్ళన్నిటి వాటా ఉంది.

వరండా మీద మంగళూరు పెంకులు. వాటి వెనకా ఒక మిషన్ కథే ఉంది. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టారు. మతం మారినందుకు పాత బతుకుతెరువు పోగొట్టుకున్నవాళ్ళకి కూలి దొరకాలని. అప్పట్లో కట్టడమంటే అదీ అర్థం. కట్టేవాడికి కూడు దొరకాలి. కరువు రోజుల్లో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించడానికి. మెదక్‌లో పోస్నెట్ గారు కరువు జనానికి పనిచ్చి అన్నం పెట్టి ఆ పెద్ద చర్చి కట్టించారు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు తన కెథడ్రల్‌కి గుడి మండపం స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ రెండూ పెట్టించారు, అది 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. ఈ నేలమీద కట్టేది ఈ నేల పోలికలో ఉండాలని ఆయనకి తెలుసు. మీ కొత్త పార్సనేజీ ఏ ఊరి పోలికో చెప్పండి చూద్దాం. ముందు పక్క అద్దాలు, పడమటెండ తిన్నగా ఆ అద్దాల మీద. లోపల ఏసీ పెట్టి, బయట వేడి చేసి, కరెంటు బిల్లు చూసి సంఘంలో చందా అడగడం.

ఇంత చెప్పాక మా నాయనమ్మ మాటా చెప్పకపోతే అన్యాయం. ఆ బంగళా గొప్ప ఆ సున్నంలో లేదు, ఆ టేకులో లేదు. వరండాలో ఉంది. మా తాతకి ఊళ్ళో కరణంగారి అరుగెక్కే వీల్లేదు. పని చెప్పించుకోవాలన్నా, కాగితం చదివించుకోవాలన్నా కింద ఎండలో నిలబడాల్సిందే. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటాల్సిందే. అలాంటివాడు మొట్టమొదటిసారి మూడు మెట్లెక్కి నీడలో కూర్చున్నది ఆ వరండాలో. కూర్చుని కూడా చాలాసేపు అంచునే ఉన్నాడట, ఎవరైనా లేవమంటారేమోనని. ఎవరూ లేవమనలేదు. ఆ రోజు నుంచీ మా ఇంటి చరిత్ర మారింది. ఆ వరండాలోనే మా నాన్న అక్షరాలు దిద్దాడు, రాత్రిబడిలో, లాంతరు చుట్టూ.

దొరల కాలంలోనూ అంతా సవ్యంగా ఉందని నేననను. కుర్చీలు దొరలకే ఉండేవి, మనవాళ్ళకి చాప. హాలు కప్పుకి ఇప్పటికీ ఇనప కొక్కేలున్నాయి, అక్కడ పంకా వేలాడేది. గోడలో చిన్న చిల్లు, దానిలోంచి తాడు, తాడు చివర వరండాలో మధ్యాహ్నమంతా లాగుతూ కూర్చునే మనిషి. చల్లగాలి లోపలివాళ్ళకి, చెమట బయటివాడికి. స్నానాల గదికి వెనకనుంచి మరో చిన్న తలుపు. పాకీపనిచేసే మనిషి లోపలి గదులు తొక్కకుండా వచ్చి పోవడానికి. మెట్లెక్కనిచ్చిన ఇల్లే ఆ ఒక్క మనిషికి వెనక తలుపు చూపించింది. ఆ తలుపు ఆ ఇంటికి మచ్చ. దాన్ని మూయించిన అయ్యగారంటే నాకు ఇప్పటికీ గౌరవం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఆ బంగళాలోకి మన అయ్యగార్లు వచ్చారు. కుర్చీలు వరండాలోకి వచ్చింది అప్పుడే. కాబట్టి మా రోజులంటే నేను చెప్పేది ఆ తరవాతి రోజులు. దొరతనం పోయి వరండా మిగిలిన రోజులు.

ఆ రోజుల్లో ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ప్రతి ఇల్లాలూ పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ గుప్పెళ్ళన్నీ వరండాలో ఒకే బుట్టలోకి వచ్చేవి. దంపుడు బియ్యం, ముతక బియ్యం, నూకలు, ఎవరింట్లో ఏముంటే అది. అమ్మగారు ఆ బియ్యమే వండేవారు, ఆ బియ్యమే అడిగినవాళ్ళకి పెట్టేవారు. కోతల పండుగకి ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకపిల్ల, అరటిగెలలు వరండా నిండా. వేలంపాట పాడే పెద్దాయన మెట్టుమీద నిలబడి కోడిపుంజుని ఎత్తి చూపించి, అణా దగ్గర మొదలెట్టి, ఇద్దరు మొండివాళ్ళని ఎగదోసి ధర ఎక్కించేవాడు. పాడుకున్నవాడు దాన్ని మళ్ళీ సంఘానికే ఇచ్చేస్తే మరోసారి వేలం. ఒక్క పుంజు మూడుసార్లు అమ్ముడుపోవడం నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు కోతల పండుగకి క్యూఆర్ కోడ్ అతికించారు. చేను లేనివాడు కూడా కానుక పంపొచ్చు, అమెరికాలో ఉన్నవాడు కూడా పంపొచ్చు, మంచిదే. కానీ పుంజేదీ?

సాయంత్రం అక్కడ కీర్తనలు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మా అమ్మకి పుస్తకం లేకుండా వచ్చు, అక్షరం ముక్క రాకపోయినా. హార్మోనియం ఒకటి, తాళాలు రెండు జతలు. పాట ఎత్తుకున్నవాడు ఏ రాగంలో ఎత్తుకుంటే ఊరంతా ఆ రాగమే. ఎత్తు తప్పితే మధ్యలో ఆగి మళ్ళీ మొదలు. ఎవరికీ తొందర లేదు. మీరు కీబోర్డులో మీట నొక్కి డ్రమ్ము వేస్తారు. అది తనంతట తాను కొట్టుకుంటూ పోతుంది, మా ముసలి గొంతులు దాని వెనక పరుగెత్తలేక ఆయాసపడతాయి. అది మీకు వినపడదు, ఎందుకంటే స్పీకరు మా పక్కకి తిరిగుంటుంది.

1977 నవంబరు 19 రాత్రి మాట చెప్పాలి. దివిసీమని ఉప్పెన ముంచేసింది, వేలమంది పోయారు. మా ఊరిదాకా సముద్రం రాలేదు, గాలి వచ్చింది. పొద్దుగూకేసరికి పల్లెలో తాటాకు కప్పులు ఒక్కొక్కటీ లేచిపోవడం మొదలెట్టాయి. ఎవరు ఎవరికి చెప్పారో తెలీదు, అందరి కాళ్ళూ బంగళా వైపే నడిచాయి. చీకట్లో, తాటిచెట్లు విరిగిపడుతుంటే, పిల్లల్ని చంకనేసుకుని, ముసలాళ్ళని వీపునేసుకుని వెళ్ళాం. వరండా మీది మంగళూరు పెంకులు అప్పటికే ఎగిరిపోతున్నాయి. హాల్లోకి దూరాం. ఆ రెండడుగుల గోడలు కదల్లేదు. ఆ మిద్దె కదల్లేదు. అయ్యగారు కిటికీ తలుపులకి మంచాలు అడ్డం పెట్టించారు. అమ్మగారు గుప్పెడు బియ్యం బస్తా మొత్తం విప్పి గంజి కాయించారు, వంటింటికి పోయే దారి లేక ఆఫీసు గదిలోనే మూడు ఇటుకలు పెట్టి. రిజిస్టర్లున్న ఇనప పెట్టె మీద ఆ రాత్రి ఒక బాలింత పడుకుంది, నేల తడిగా ఉందని. ఊళ్ళో పెంకుటిళ్ళవాళ్ళూ వచ్చారు, కరణంగారి మనవలూ వచ్చారు. అంత పెద్ద చెక్క తలుపు, ఒక్కసారి కూడా ఎవరి పేరూ అడక్కుండా తెరిచారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో బతికున్నది ఇప్పుడు కొద్దిమందిమే. అందుకే ఈ గోల.

ఆ ఇంటికి ఇప్పుడేం చేశారో చెబుతాను. ముసలి గోడలు పెచ్చులూడుతున్నాయని సంఘం కమిటీ వాళ్ళు సిమెంటు పూత వేయించారు. మంచి ఉద్దేశమే, ఖర్చూ పెట్టారు. కానీ సున్నం గోడకి సిమెంటు పూయడమంటే ఎండాకాలంలో మనిషికి రెయిన్‌కోటు తొడిగినట్టే. నేలలోంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. సున్నం ఆ చెమ్మని గాలిలోకి వదిలేస్తుంది, పగలు ఎండకి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. లోపల చెమ్మ, చెమ్మతోపాటు ఉప్పు పేరుకుని, మెత్తటి పాత ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైనుంచి చూస్తే గోడ కొత్తగా ఉంటుంది, వేలితో కొడితే డొల్ల మోగుతుంది. ఆఖరికి పలకలు పలకలుగా సిమెంటూ ఇటుకా కలిసే ఊడిపడతాయి. అప్పుడు కమిటీలో ఒకరు లేచి, "చూశారా, పాత కట్టడం, పనికిరాదు, కొట్టేసి కల్యాణమండపం కడదాం" అంటారు. గోడని చంపింది గోడ వయసు కాదయ్యా, మీ పూత. పై మిద్దె మీద మూలన రావి మొక్క మొలిచింది. దాని వేరు సున్నంలోకి దిగుతోంది. మా రోజుల్లో ఏటా వానలకి ముందు పల్లెవాళ్ళం వంతులేసుకుని మిద్దెక్కి గడ్డి పీకి, పగుళ్ళకి సున్నం కూరేవాళ్ళం. ఇప్పుడు నిచ్చెన ఎక్కమంటే, "టెండరు పిలవాలి తాతా" అంటారు.

మా ఇంట్లో నేనీ మాటెత్తితే మా ఆవిడ అడ్డం తగులుతుంది. "ఆ అమ్మగారు ఒక్క పూటన్నా వేడన్నం తిన్నదేమో అడగండి" అంటుంది. అదీ నిజమే. తలుపు మూయని ఇంట్లో ఇల్లాలికి నడుం వాల్చే వేళ ఉండదు. దూరపు వంటింటికి రోజంతా నడక, బావిలోంచి నీళ్ళు తోడుకోవడం, దూలాల మీద గబ్బిలాలు, వానాకాలం వరండాలో పాములు. అయ్యగారి పిల్లలు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో పల్లె మొత్తానికి లెక్క. ఆ పిల్లల్లో ఒకతి పెద్దయ్యాక నాతో అంది, "మాకు ఇల్లుండేది కాదు మావయ్యా, వరండా ఉండేది" అని. ఆ మాట నన్ను నొప్పించింది గానీ కాదనలేకపోయాను. కొత్త అయ్యగారి భార్య ఉద్యోగస్తురాలు, చంటిపిల్ల ఉంది. ఆవిడ తలుపు గడియ వేసుకుంటే తప్పు పట్టే హక్కు నాకు లేదు.

కాబట్టి నేనడిగేది కొత్త ఇంటి గేటు పీకేయమని కాదు. ఆ ఇల్లు వాళ్ళది, తాళం వాళ్ళది. పాత బంగళాకి మాత్రం తాళం తీయండి. కల్యాణమండపం మాట మానండి, పెళ్ళిళ్ళకి టౌన్లో హాళ్ళు చాలానే ఉన్నాయి. సివిల్ ఇంజనీరింగు చదివే మా మనవడు సున్నం మేస్త్రీలు దొరకరన్నాడు. మళ్ళీ వాడే ఫోన్లో వెతికి, తమిళనాడులో కారైకుడి వైపు ఆ పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారని చెప్పాడు. సరే, ఆ ఫోను ఒక్క మంచిపని చేసిందని ఒప్పుకుంటున్నాను. వాళ్ళని ఒకరినో ఇద్దరినో పిలిపించండి. వాళ్ళ దగ్గర మన తాపీమేస్త్రీల పిల్లలు నేర్చుకోనివ్వండి. సిమెంటు గీకించి, సున్నం పూయించండి. విరిగిన కుర్చీలూ షామియానా కర్రలూ వేరే షెడ్డులోకి మార్చండి. రిజిస్టర్లని ఆఫీసు గదిలోనే ఉంచండి, వాటిలో మీ ముత్తాతల పేర్లున్నాయి. వరండాలో నాలుగు బల్లలు వేయండి. సాయంత్రం ఎవరైనా వచ్చి కూర్చునేలా, ఎందుకొచ్చావని ఎవరూ అడగకుండా.

కూర్చునే పని మేం చూసుకుంటాం, ముసలాళ్ళం చాలామందే మిగిలున్నాం. వచ్చినవాడి మాట వినే పనీ మాకు వచ్చు. నిచ్చెనెక్కి ఆ రావి మొక్క పీకే పని మాత్రం మీదే. వేరు తెగకుండా పీకాలి, పీకినచోట సున్నం కూరాలి. అదీ తొలకరి పడకముందే.